చదువు ముగిసిననాడు గురువునకు చెప్పవలసిన మాట

ఏటేట ఫిబ్రవరి, మార్చి మాసములు వచ్చుసరికి మన ఉన్నత పాఠశాలలలోను, కళాశాలలలోను వీడుకోలు సభలు జరుగుచుండును. క్రింది తరగతివారు పై తరగతివారికి ఉపాహారము పెట్టుదురు. గుమ్మములకు మామిడాకుల తోరణములు, గదినిండ రంగుకాగితముల జెండాలు, బల్లమీద తెల్లని దుప్పటి, పూలగుత్తి అమరును. ప్రధానోపాధ్యాయులు అధ్యక్షత వహింతురు. విద్యార్థి యొకడు లేచి, గురువులు తమకు జ్ఞాననేత్రము తెరిపించిరనియు, వారి ఋణము ఏడేడు జన్మలకైనను తీరదనియు చెప్పి కూర్చుండును. చప్పట్లు మ్రోగును. దండలు, శాలువలు, జ్ఞాపికలు ఒకదాని వెంట నొకటి సాగును. చివరకు అందరును వరుసలుగా నిలిచి ఛాయాచిత్రము తీయించుకొందురు. మరునాటినుండి పరీక్షల ఆరాటము మొదలగును.

ఇట్టి సభలు అక్కరలేదని మా అభిప్రాయము కాదు. పది సంవత్సరములు నడచిన ఇంటినుండి వెడలునపుడు గడపవద్ద ఒక నిమిషము నిలుచుట మనుష్యధర్మము. కాని ఆ వేదికపై పలికిన మాటలను ఒక్కసారి తరచి చూడుడు. ఏ పాఠశాల విద్యార్థియైనను, ఏ గురువును గూర్చియైనను, ఏ సంవత్సరమునందైనను ఆ మాటలనే పలుకవచ్చును. వినుచున్న ఉపాధ్యాయునకు తాను చేసిన ఏ పని ఆ బాలునకు అక్కరకు వచ్చినదో తెలియదు. చెప్పిన బాలునకును తాను దేనికి కృతజ్ఞుడో స్పష్టపడదు. కృతజ్ఞత యను పదమునకు చేసిన మేలును ఎరుగుట యని అర్థము. ఎరుక లేనిచోట మిగులునది మర్యాద మాత్రమే. కావున చదువు ముగించిన విద్యార్థి ఎవరికి, దేనికి, ఏవిధముగా కృతజ్ఞత తెలుపవలెనో మన పూర్వుల అనుభవమునుండియు, పరదేశముల అనుభవమునుండియు కొంత విచారింతము.

మన దేశమున చదువు ముగింపునకు సమావర్తనమని పేరు. గురుకులమునుండి ఇంటికి మరలి వచ్చుట యని దాని భావము. ఆ సందర్భమున మంగళస్నానము చేసినవాడు కనుక అతడు స్నాతకుడైనాడు. నేటి విశ్వవిద్యాలయములలోని స్నాతకోత్సవము అను మాటకు మూలమిదియే. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లియందు గురువు వెడలిపోవు శిష్యునకు చేసిన ఉపదేశ మొకటి కలదు. సత్యము పలుకుము, ధర్మము నాచరింపుము, తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవములుగా భావింపుము అని అందలి సారాంశము. ఇంతవరకు అందరు నెరిగినదే. కాని ఆ ఉపదేశములోనే మరి రెండు సంగతులు కలవు. చదువుటను, చదివినది ఇతరులకు చెప్పుటను విడువవలదని గురువు ఆదేశించును. మాలో మంచి నడవడి యేది కలదో దానినే అనుసరింపుము, తక్కినదానిని కాదు అని కూడ చెప్పును. వెడలిపోవు శిష్యుడు తన్ను సర్వజ్ఞునిగా పొగడవలెనని ఆ గురువు కోరలేదు. తనలోని మంచిని ఏరుకొని పొమ్మనినాడు. ఏరుకొనుటకు ఎరుక కావలెను. కృతజ్ఞతకు మొదటి మెట్టు అదియే.

ఋణమను భావన సంగతియు ఇట్టిదే. బ్రాహ్మణుడు మూడు ఋణములతో పుట్టునని తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. దేవతల ఋణము యజ్ఞముచేతను, పితృదేవతల ఋణము సంతానముచేతను, ఋషుల ఋణము బ్రహ్మచర్యముచేతను, అనగా విద్యాభ్యాసముచేతను తీరును. ఇందలి విశేషమును గమనింపుడు. తండ్రి చేసిన మేలునకు బదులు తండ్రికే చెల్లింపుమనలేదు, బిడ్డను పెంపుమనిరి. ఋషి ఇచ్చిన విద్యకు బదులు ఋషికే చెల్లింపుమనలేదు, నేర్చుకొని ముందునకు అందింపుమనిరి. మన రైతులు పై చేనినుండి వచ్చిన నీటిని క్రింది చేనికి వదలుదురే గాని, పై చేనికి ఎదురెక్కింపరు. విద్యాఋణము తీరని ఋణమని సభలలో చెప్పుట వినుటకు ఇంపుగా నుండును. కాని పెద్దలు దానిని తీరు ఋణముగానే భావించిరి. తీర్చవలసిన దిక్కు మాత్రము క్రింది తరమువైపు చూపిరి.

గురుదక్షిణకు గల హద్దును తెలుపు కథ కాళిదాసు రఘువంశమున అయిదవ సర్గమందున్నది. వరతంతు మహాముని శిష్యుడైన కౌత్సుడు విద్య ముగియగనే దక్షిణ ఏమి ఇత్తునని గురువు నడిగెను. నీవు చేసిన భక్తితోడి సేవయే చాలునని గురువు పలికెను. కౌత్సుడు మరల మరల పట్టుపట్టెను. విసిగిన గురువు, చెప్పిన విద్యలు పదునాలుగు గనుక పదునాలుగు కోట్లు తెమ్మనెను. కౌత్సుడు రఘుమహారాజు కడకు పోగా, విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేసిన ఆ రాజు మట్టిపాత్రతో ఎదురువచ్చెను. యాచకుని వట్టిచేతులతో పంపనొల్లక రఘువు కుబేరునిపై దండెత్తుటకు సిద్ధపడెను. ఆ రాత్రియే కోశాగారమున బంగారు వాన కురిసెను. రాజు కురిసిన ధనమంతయు తీసికొమ్మనెను. గురువునకు చెల్లవలసిన దానికి మించి కాసైనను ముట్టనని శిష్యుడనెను. ఇచ్చువాని ఔదార్యమును, పుచ్చుకొనువాని మితమును చూచి సాకేత ప్రజలు ఇరువురను మెచ్చుకొనిరట. ఈ కథలో గురువు మొదట పలికిన మాటయే అసలు తీర్పు. కోట్ల ప్రసక్తి శిష్యుని మొండిపట్టువలన వచ్చినది.

ఇందుకు విరుద్ధమైన కథయు మన భారతమందే కలదు. ద్రోణుడు ఏకలవ్యునకు విద్య చెప్ప నిరాకరించెను. అయినను గురుదక్షిణ పేర అతని కుడిచేతి బొటనవ్రేలిని పుచ్చుకొనెను. ఈ కథను గురుభక్తికి తార్కాణముగా పాఠములలో చెప్పుట చిరకాలముగా నున్నది. కాని చదువు చెప్పని గురువునకు ఋణమెక్కడిది? కులము పేరిట గురుకుల ద్వారములు అనేకులకు మూయబడియుండిన దేశమున, కృతజ్ఞతను గూర్చి మాటాడువారు ఈ ప్రశ్నను దాటిపోరాదు. మేలు జరిగినచోట కృతజ్ఞత పుట్టును. మేలు జరుగనిచోట దానిని వసూలు చేయుట అధికారమగునే కాని గురుత్వము కాదు.

ఇక మన కాలమునకు దగ్గరగా వత్తము. తెలుగు కుటుంబమున, 1888వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1918లో మైసూరు మహారాజా కళాశాలలో తత్త్వశాస్త్రాచార్యుడుగా చేరెను. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయమునకు పిలుపు రాగా మైసూరు విడిచి వెళ్లునపుడు అచ్చటి విద్యార్థులు ఆయన బండిని పూలతో అలంకరించి, గుఱ్ఱములను విప్పివేసి, తామే కాడి పట్టి రైలుస్టేషనువరకు లాగుకొనిపోయిరి. మూడేండ్ల పరిచయమునకు అంతటి వీడుకోలు లభించెను. 1962లో ఆయన రాష్ట్రపతి పదవి స్వీకరించిన పిదప, పూర్వ విద్యార్థులును మిత్రులును ఆయన జన్మదినోత్సవము చేయగోరగా, దానిని ఉపాధ్యాయుల దినముగా జరిపినచో సంతోషింతునని ఆయన చెప్పినట్లు ప్రసిద్ధి. ఆ సంవత్సరమునుండి సెప్టెంబరు 5 దేశమందంతటను ఉపాధ్యాయ దినోత్సవమైనది. తనకు రానున్న పూలదండను ఆయన మారుమూల గ్రామములోని పంతులు మెడకు మళ్లించినాడు. ఒక పెద్ద గురువు పొందిన కృతజ్ఞత అట్లు పేరులేని వేలకొలది గురువులకు పంపకమైనది.

దేశమంతయు ఒక్క గొంతుతో కృతజ్ఞత చెప్పుటకు జపాను మంచి ఉదాహరణము. అచ్చటి పాఠశాలలలో చదువు ముగియు వేళ పాడు ఒక పాట 1884లో ప్రభుత్వపు పాటల పుస్తకమున అచ్చైనది. దాని పేరు 'అవొగెబ తోతొషి'. గురువుల మేలును తలచుకొని వారికి వీడుకోలు చెప్పుట దాని భావము. అనేక తరములవారు దానిని కన్నీటితో పాడిరి. ఆ బాణీ ఎక్కడిదో చిరకాలము ఎవరికిని తెలియదు. అది అమెరికాలో 1871లో వెలువడిన పాఠశాల పాటల పుస్తకములోనిదని 2011లో ఒక జపాను ఆచార్యుడు కనుగొనెను. ఆశ్చర్యమేమనగా, ఆ ఆంగ్ల గీతము చెలికాండ్రు ఒకరినొకరు విడిపోవు బాధను చెప్పునదే. గురువునకు నమస్కరించు భావమును జపానువారు కొత్తగా చేర్చిరి. కాలక్రమమున ఆ పాత గీతమునకు బదులు అనేక పాఠశాలలలో పిల్లలు తాము మెచ్చిన కొత్త పాటలను పాడుట మొదలైనది. అందరును కలిసి పాడు పాటలో ఒక బలమున్నది, బిడియపడు పిల్లవాని గొంతు కూడ అందులో కలిసిపోవును. ఒక లోటును కలదు, అతడు తన గురువునకు చెప్పదలచిన తన మాట అందులో వినబడదు.

ఆ సొంత మాట ఎట్లుండవలెనో తెలిసికొనుటకు ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ జీవితమును చూడుడు. 1913లో అల్జీరియాలో జన్మించిన ఆయన తండ్రి మరుసటి యేడే మొదటి ప్రపంచయుద్ధమున మరణించెను. తల్లికి చదువు రాదు, చెవులు సరిగా వినబడవు. ఇండ్లలో పాచిపని చేసి పిల్లలను పోషించెను. అల్జీర్సు నగరపు పేదవాడలోని ప్రాథమిక పాఠశాలలో లూయీ జెర్మేన్ అను ఉపాధ్యాయుడు ఈ బాలుని గుర్తించెను. ఉన్నత పాఠశాల విద్యార్థి వేతనపు పరీక్షకై ప్రతిఫలము లేకుండ అదనముగా పాఠములు చెప్పెను. పిల్లవాని వెంటనే పనిలో పెట్టవలెనను అమ్మమ్మను ఇంటికి పోయి ఒప్పించెను. ఆ బాలుడు పెరిగి 1957లో నోబెలు బహుమానము పొందెను. ఆ వార్త తెలిసిన కొలది వారములకు, నవంబరు 19వ తేదీన, తన పాత గురువునకు చిన్న ఉత్తరము వ్రాసెను. ఆ వార్త విన్నపుడు తల్లి తరువాత తలపునకు వచ్చినది మీరేయనియు, మీరు ఆ పేద బాలునకు చేయి అందింపకున్న ఇదేమియు జరిగియుండెడిది కాదనియు అందలి తాత్పర్యము. బహుమాన సందర్భమున తాను చేసిన ప్రసంగముల పుస్తకమును ఆ బడిపంతులుకే అంకితమిచ్చెను.

అట్టిదే మరియొక సంగతి మన ఉపఖండమున జరిగినది. 1979లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము నందుకొన్నవారిలో పాకిస్తాను దేశీయుడైన అబ్దుస్ సలాం ఒకడు. లాహోరులో తనకు గణితము బోధించిన అనిలేంద్ర గంగూలీ యను ఆచార్యుడు దేశవిభజన తరువాత భారతదేశమునకు వచ్చెను. ఆయన జాడ తెలుపుమని సలాం భారత ప్రభుత్వమును కోరెను. 1981లో కలకత్తాకు వచ్చి, వార్ధక్యముచే మంచము పట్టియున్న గురువును ఇంటిలోనే దర్శించి, తన పతకమును ఆయన ముందుంచెను. నడుమ ఒక సరిహద్దు, యుద్ధములు, ముప్పది సంవత్సరములకు పైబడిన కాలము గడచినవి. అయినను చెప్పవలసిన మాట చెప్పవలసినవానికి చేరినది.

ఈ ఇద్దరును ప్రసిద్ధులు గనుక వారి సంగతి లోకమునకు తెలిసినది. కాని మేమిచ్చట గమనింపుమనునది వారి కీర్తిని కాదు, వారి కృతజ్ఞతలోని నిర్దిష్టతను. ఎవరికి చెప్పవలెనో, ఏ పనికి చెప్పవలెనో వారికి తెలిసియుండెను. ఉపాధ్యాయవృత్తికి ఒక కష్టమున్నది. వడ్రంగి తలుపు బిగించిన సాయంకాలమే అది సరిగా మూసికొనునో లేదో చూడగలడు. వైద్యుడు జ్వరము తగ్గుటను కొలది దినములలో చూచును. పంతులు నేడు చెప్పిన మాట ఇరువది సంవత్సరములకు ఏ ఊరిలో, ఏ ఉద్యోగమున, ఏ ఆపత్సమయమున ఫలించునో ఆయనకు తెలియదు. పరీక్ష ఫలితములు ఆ సంగతి చెప్పవు. విద్యార్థి వచ్చి చెప్పినపుడే ఆయనకు తెలియును. కావున కృతజ్ఞత గురువునకు అలంకారము మాత్రమే కాదు, తన పనిలో ఏది నిలిచినదో తెలుపు వార్త కూడ. ఆ వార్త అందిన గురువు మరుసటి యేటి పిల్లలకు ఆ పనిని మరింత శ్రద్ధతో చేయును.

పాఠము చెప్పు గురువు కంటి కెదురుగా నుండును. పాఠశాలను నడపు పెద్దల పని మాత్రము తెరవెనుక సాగును. అందుచే వీడుకోలు సభలలో ప్రధానోపాధ్యాయునకు పెద్ద దండయు, చిన్న కృతజ్ఞతయు లభించుట పరిపాటి. వారు చేయు పని ఏమి? మంచి ఉపాధ్యాయులను వెదకి తెచ్చుట, వచ్చినవారిని నిలుపుకొనుట, కాలపట్టికను కూర్చుట, జీతము కట్టలేని పిల్లవాని పేరు హాజరుపట్టీనుండి తొలగిపోకుండ చూచుట, బాలికలు భయము లేక వచ్చిపోవునట్లు ఏర్పాటు చేయుట, వానకు కురియు కప్పును గూర్చి పై అధికారులకు పదిసార్లు వ్రాయుట. ఇవన్నియు సరిగా జరిగినపుడు ఎవరికిని కనబడవు. జరుగనపుడే కనబడును. 1931 మొదలు 1936 వరకు రాధాకృష్ణ పండితుడు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండెను. ఆ కాలమున వాల్తేరున రసాయనశాస్త్రమునకు తిరువెంకట రాజేంద్ర శేషాద్రి, భౌతికశాస్త్రమునకు సూరి భగవంతము, చరిత్రకు హీరేంద్రనాథ ముఖర్జీ వంటివారు బోధకులైరి. అచ్చట చదివినవారు ఆ ఆచార్యులను తలచుకొనుట సహజము. అట్టివారిని ఒక్కచోట చేర్చుటయు నాయకత్వపు పనియే యని తలచువారు అరుదు.

కాకినాడలోని పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు మరియొక దృష్టాంతము. ఆయన పేద విద్యార్థులకు తన జీతమునుండి సాయము చేసెను. బాలికలకు కళాశాల తలుపులు తెరచెను. అనాథ బాలురకు ఆశ్రయము కల్పించెను. ఆయన శిష్యులమని చెప్పుకొనుట ఆంధ్రదేశమున ఒక తరమువారికి గౌరవచిహ్నముగా నుండెను. హైదరాబాదున 1918లో వెలసిన రెడ్డి వసతిగృహము సంగతియు తలచదగినది. జిల్లాలనుండి రాజధానికి చదువుకొనవచ్చిన తెలుగు బాలురకు తలదాచుకొన చోటు దొరకుట దుర్లభమైన దినములవి. నగరపు కొత్వాలుగా పనిచేసిన రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారు దానిని పెంచి పోషించెను. ఆ వసతిగృహమునకు కార్యదర్శిగా పనిచేసిన సురవరము ప్రతాపరెడ్డిగారు తరువాత ఆయన జీవితచరిత్రమును గ్రంథముగా వ్రాసెను. అన్నము పెట్టి, గది ఇచ్చి, దీపము చూపినవాడును విద్యాదాతయే. పాఠము చెప్పలేదుగదా యని అతనిని మరువరాదు.

ఇంకను క్రిందికి చూచినచో దండకు నోచనివారు కనబడుదురు. వేళకు గంట కొట్టు అటెండరు, చిన్నపిల్లల ముక్కు తుడిచి కూర్చుండబెట్టు ఆయా, మధ్యాహ్న భోజనము వండి వడ్డించు తల్లులు, ఊడ్చి నీళ్లు చల్లువారు, గ్రంథాలయమున దుమ్ము దులిపి పుస్తకమందించినవారు లేకున్న ఏ పాఠశాలయు ఒక్క వారము నడువదు. వీడుకోలు సభలో వారు తలుపువద్ద నిలుచుండి చూచుచుందురు. వారిని ముందు వరుసకు పిలిచి, పేరుతో పలుకరించి, ఒక్క మాట చెప్పుట పిల్లలకు తెలిసినచో, ఆ పాఠశాల చదువు కొంత ఫలించినట్లే.

ఇక కానుకల సంగతి. అనేక తరగతులలో వీడుకోలు సభకై చందా వసూలు చేయుదురు. ఒక్కొక్కరు ఇంత యని నిర్ణయింతురు. ఇంట అడుగలేని పిల్లవాడు ఆ దినము ఒంట్లో బాగులేదని పాఠశాల మానివేయును. గురువునకు శాలువ కప్పుటకై తోటివానిని సిగ్గుపరచిన చోట కృతజ్ఞత నిలుచునా? కొరియా దేశమున మే 15వ తేదీ ఉపాధ్యాయ దినము. ఆ దేశపు లిపిని ఏర్పరచిన సెజోంగ్ రాజు జన్మదినమని 1965లో ఆ తేదీని నిర్ణయించిరి. పిల్లలు గురువునకు ఎఱ్ఱని పువ్వు పెట్టుట ఆచారమైనది. కాని తల్లిదండ్రుల కానుకలు క్రమముగా పెరిగి లంచమువలె మారుటచే, 2016లో అమలులోనికి వచ్చిన అవినీతి నిరోధక చట్టము ప్రకారము, మార్కులు వేయు ఉపాధ్యాయునకు ఒక విద్యార్థి తన సొంతముగా ఆ పువ్వునైనను ఈయరాదని అధికారులు వివరించిరి. తరగతి ప్రతినిధి అందరి యెదుట ఈయవచ్చును. స్వహస్తములతో వ్రాసిన ఉత్తరమునకు మాత్రము ఏ అడ్డంకియు లేదు. ఒక దేశము చట్టము చేసి తెలిసికొన్న దానిని మనము వివేకముతో తెలిసికొనవచ్చును. కానుక ఎంత చిన్నదైన, మాట అంత పెద్దదగును.

కావున ఈ సంవత్సరము చదువు ముగించు పిల్లలకును, వారి తల్లిదండ్రులకును మా సూచన యిది. ఇంటిలో ఒక సాయంకాలము కూర్చుండి, ఇన్నేండ్లలో చదువు చెప్పినవారిని, చదువుటకు సాయపడినవారిని ఒక కాగితముపై వ్రాయుడు. వారిని పంతులుగారని పిలిచినను, మాస్టారని పిలిచినను, తెలంగాణమున వలె సారని పిలిచినను, టీచరుగారని పిలిచినను, పేరు నెదుట వారు చేసిన ఒక పనిని వ్రాయుడు. గొప్ప పని కానక్కరలేదు. ఆరవ తరగతిలో భిన్నములు అర్థము కాక ఏడ్చినపుడు రొట్టె ముక్కలు చేసి చూపిరని వ్రాయవచ్చును. నత్తితో మాటాడు పిల్లవానిని నవ్వినవారిని మందలించి, వానిచేతనే పద్యము చదివించిరని వ్రాయవచ్చును. పెండ్లి పేరిట చదువు మాన్పింపబోగా ఇంటికి వచ్చి నాన్నగారితో మాటాడిరని ఒక బాలిక వ్రాయవచ్చును. అట్లు వ్రాసిన వానిలో ఒకటి రెండింటిని ఏరి, వారికి ఉత్తరము వ్రాయుడు. అందు మూడు సంగతులు చాలును. మీరు ఈ పని చేసితిరి, దానివలన నాకు ఇది కలిగినది, దీనిని నేను ఇట్లు నిలుపుకొందును. విశేషణములు తగ్గింపుడు. చేతివ్రాత బాగులేకున్నను చేతితోనే వ్రాయుడు. చేతిలోని ఫోనుపై అందరికిని ఒకేసారి పంపు పూలగుత్తి బొమ్మకు ఆ బరువు రాదు.

కొందరు పిల్లలకు కృతజ్ఞత చెప్ప మనసొప్పదు. దెబ్బలు తిన్నవారు, కులము పేరనో పేదరికము పేరనో చిన్నచూపు చూడబడినవారు ఉండవచ్చును. వారిచేత బలవంతముగా పొగడించుట తగదు. మంచిని మాత్రమే అనుసరింపుమన్న ప్రాచీన గురువు వారికి ఆ స్వేచ్ఛను ముందే ఇచ్చియున్నాడు. జరిగిన అన్యాయమును అన్యాయమని చెప్పుటయు, అదే పాఠశాలలో మేలు చేసిన వేరొకరిని గుర్తుంచుకొనుటయు రెండును సత్యమే. ఒకటి చెప్పినచో రెండవది చెడదు. విచక్షణలేని పొగడ్త, నిజముగా శ్రమించిన గురువునకును, శ్రమింపని వానికిని ఒకే వెల కట్టును. అది మంచి గురువునకే అన్యాయము.

తుదకు ఋణము తీర్చు దిక్కును మరువకుందము. పదవ తరగతి ముగిసి పరీక్షలు వ్రాసిన పిల్లలకు కొన్ని వారములు సెలవులుండును. వీధిలో నాలుగవ తరగతి చదువు చెల్లెలో, పక్కింటి తమ్ముడో ఎక్కములు రాక తడబడుచుండవచ్చును. దినమునకు అరగంట కూర్చుండబెట్టి చెప్పినచో ఎంత ఓర్పు కావలెనో అపుడు తెలియును. తన గురువు తనకై పడిన శ్రమ ఎట్టిదో, ఏ సభలోను తెలియనంతగా ఆ అరగంటలో తెలియును. వాడిన పాఠ్యపుస్తకములను అట్టలు వేసి క్రింది తరగతివారికి ఇచ్చుట, ఉద్యోగము వచ్చిన పిదప చదివిన పాఠశాల గ్రంథాలయమునకు ఏటేట కొన్ని పుస్తకములు పంపుట, ఒక్క పేద విద్యార్థి పరీక్షరుసుము కట్టుట, ఇవన్నియు గురుదక్షిణలే. గురువు కడకు పోయి నమస్కరింపుడు, ఆయన చేసిన మేలును పేరుపెట్టి చెప్పుడు. తిరిగి వచ్చునపుడు ఆయనవద్ద నేర్చినదానిలో ఒక్కదానినైనను మరియొక పిల్లవానికి చెప్పుడు.